మా షాపులో ఇంపోర్టెడ్ కెమెరాలు: ఇకపై ఎలా అమ్ముతామంటే

మా కస్టమర్లందరికీ నమస్కారం.

కౌంటర్ దగ్గర ఈమధ్య ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. "ఇదే బాడీ, ఇదే డబ్బా, వేరే వాళ్లు మీకంటే బాగా తక్కువకి ఇస్తామంటున్నారు. అది డూప్లికేటా, లేక మీరే ఎక్కువ వేస్తున్నారా?" చాలాసార్లు రెండూ కాదండీ. అది గ్రే మార్కెట్ పీస్. కంపెనీ తన ఫ్యాక్టరీలో చేసిన అసలు కెమెరాయే. కాకపోతే వేరే దేశంలో అమ్మడానికి పంపిన సరుకు. అక్కడ టోకున కొన్నవాళ్లు కంపెనీ డీలర్ల ప్రమేయం లేకుండా ఇంకో దేశానికి తెచ్చి అమ్ముతారు. మేమూ అలాంటివి కొన్ని తెప్పిస్తాం, వాటినే ఇంపోర్టెడ్ పీస్ అంటాం. డీలర్ల ద్వారా వచ్చేది కంపెనీ పీస్. ఇక మీదట వాటిని ఎలా అమ్మబోతున్నామో, ఎవరికి వద్దని చెబుతామో రాద్దామనిపించింది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇంపోర్టెడ్ పీస్ అమ్మితే మాకు మిగిలేది కంపెనీ పీస్ మీద మిగిలేదానికంటే ఎక్కువ. కాబట్టి నేను దాన్ని మెచ్చుకుంటే కాస్త తగ్గించి వినండి, వద్దంటే మాత్రం పూర్తిగా వినండి.

ఈ నెల నుంచి రెండు రకాలూ వేర్వేరు అల్మారాల్లో ఉంటాయి. ఇంపోర్టెడ్ దాని మీద ఆ మాట రాసి ఉంటుంది, ధర చీటీ రంగు కూడా వేరు. బిల్లు మీద "కంపెనీ వారంటీ లేదు, షాపు వారంటీ మాత్రమే" అని రాసి, కింద మీ సంతకం తీసుకుంటాం. సంతకం ఎందుకని కొందరు నొచ్చుకుంటున్నారు. ఏడాది తర్వాత షట్టర్ పోయినప్పుడు మీకూ నాకూ మధ్య వాదన రాకూడదనే. కస్టమ్స్ సుంకం కట్టిన కాగితం లేని సరుకు మేం ముట్టుకోం. డీలర్‌షిప్ లేకుండా తేవడం ఒక సంగతి, సుంకం ఎగ్గొట్టడం మరో సంగతి. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

అసలు ఇలా తెచ్చి అమ్మడం చట్టప్రకారం తప్పా అంటే, దేశాన్ని బట్టి ఉంటుంది. ఆస్ట్రియాలో సిల్హౌట్ అనే కళ్లజోళ్ల కంపెనీ ఫ్యాషన్ పోయిన ఫ్రేముల్ని బల్గేరియాకి అమ్మేస్తే, అవే తిరిగొచ్చి ఆస్ట్రియా షాపులోనే అమ్మకానికి కూర్చున్నాయి. యూరప్ కోర్టు 1998లో కంపెనీ పక్షానే నిలిచింది. అమెరికా సుప్రీంకోర్టు దగ్గరికి 2013లో ఓ థాయ్ విద్యార్థి కేసు వచ్చింది. ఇంటివాళ్లు థాయిలాండ్‌లో చవగ్గా కొని పంపిన పాఠ్యపుస్తకాలు అమెరికాలో అమ్ముకున్నాడతను. అది కాపీరైట్ వ్యవహారం, అక్కడ అతనే గెలిచాడు. కళ్లజోళ్లు, పుస్తకాలే ఇంత దూరం వెళ్లాయంటే కెమెరాల సంగతి మీరే ఊహించుకోండి.

ధర తేడా ఎక్కడి నుంచి వస్తుంది? కంపెనీ ఒక్కో దేశానికి ఒక్కో ధర పెడుతుంది. అక్కడి పన్నులు, ప్రకటనల ఖర్చు, సర్వీస్ సెంటర్లు నడిపే ఖర్చు, డీలర్ కమీషన్ అన్నీ అందులో ఉంటాయి. ఆపైన మారకపు రేటు. 2024 జులైలో ఒక డాలర్‌కి 160 యెన్‌లు దాటిపోయాయి. అలాంటప్పుడు జపాన్‌లో యెన్‌లలో పెట్టిన ధర బయటివాళ్లకి చౌకగా కనిపిస్తుంది, తెచ్చేవాళ్లు పుట్టుకొస్తారు. యెన్ బలపడిన రోజున ఆ లాభం తగ్గిపోతుంది. మా ఇంపోర్టెడ్ ధరలు నెలనెలా ఎందుకు మారతాయని అడుగుతున్నారు కదా, ఇదీ కారణం.

గ్రే మార్కెట్ అంటే చౌకే అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100VI కెమెరా వచ్చినప్పుడు కంపెనీ చేసినవి చాలక నెలల తరబడి కొరత. బయటి నుంచి తెచ్చినవాళ్లు కంపెనీ ధర కంటే ఎక్కువకి అమ్మారు, జనం కొన్నారు. వారంటీ లేకపోగా ఎదురు డబ్బులివ్వడం. నాకైతే అది మింగుడుపడదు. కొరత ఉన్న మోడల్‌కి మేం పేరు రాసుకుని వరుసలో ఇస్తాం, ఇంపోర్ట్ చేసి ఎక్కువకి అమ్మం.

ఇక వారంటీ. తగ్గిన ధర అసలు ఎక్కడ తేలుతుందో ఇక్కడే తెలుస్తుంది. చాలా కంపెనీలు కెమెరా బాడీ వారంటీని అమ్మిన ప్రాంతానికే పరిమితం చేస్తాయి. వారంటీ లేకపోతే పోయింది, డబ్బులు పెట్టి బాగు చేయించుకుంటాం అంటారు చాలామంది. అదీ అన్నిచోట్లా కుదరదు. నికాన్ అమెరికా విభాగం గ్రే మార్కెట్ కెమెరాల్ని డబ్బు తీసుకుని కూడా రిపేరు చేయబోమని ఏళ్ల తరబడి బహిరంగంగానే చెప్పింది. సొంతంగా రిపేరు చేసే షాపులకి విడిభాగాలు అమ్మడం కూడా 2012లో ఆపేసింది. కొన్ని కంపెనీలు కాస్త ఉదారంగా ఉంటాయి, డబ్బులిస్తే చేస్తాయి. అందుకే ఏ కంపెనీ కెమెరా అన్నదాన్ని బట్టి మా సలహా మారుతుంది.

మేమిచ్చే షాపు వారంటీ ఏమిటో కూడా విప్పి చెప్పాలి. మాకు తెలిసిన మెకానిక్ చేత చేయిస్తాం. షట్టర్, బటన్లు, డయళ్లు, కార్డు పెట్టే స్లాట్, చార్జింగ్ పోర్ట్ లాంటివి చేయగలడు. సెన్సర్ (వెలుగుని ఫొటోగా పట్టే చిప్), మెయిన్ బోర్డు, బాడీలో స్టెబిలైజర్ (చేతి వణుకుని సరిచేసే భాగం) పాడైతే సరిచేయడం మా చేతుల్లో లేదు. దానికి కంపెనీ యంత్రాలు, సాఫ్ట్‌వేర్ కావాలి. అలాంటిది వారంటీ కాలంలో వస్తే మేం కెమెరా తెప్పించిన దేశానికే పంపిస్తాం. రాకపోకలకి వారాలు పడుతుంది, నెల దాటినా దాటవచ్చు. ఆ గ్యాప్‌లో మీకు ఇవ్వడానికి స్పేర్ బాడీ మా దగ్గర ఉండదు. నీళ్లు పడినవి, కింద పడినవి షాపు వారంటీలోకి రావు.

కాబట్టి కెమెరాతోనే జీవనం గడిచేవాళ్లకి, అంటే డేట్ ఇచ్చి షూట్లు చేసేవాళ్లకి, ఇంపోర్టెడ్ బాడీ అమ్మం. అడిగినా అమ్మం. మీ దగ్గర రెండో బాడీ ఉండి, ఇది కేవలం బ్యాకప్ అంటే అప్పుడు మాట్లాడుకుందాం. సరదాగా తీసుకునేవాళ్లకి, ఒకటి రెండు నెలలు కెమెరా లేకపోయినా ఫర్వాలేదనుకునేవాళ్లకి నిరభ్యంతరంగా ఇస్తాం. లెన్స్ అయితే నాకు అంత భయం లేదు. బాడీతో పోలిస్తే అందులో పాడయ్యేవి తక్కువ, చిన్నాచితకా తేడా వస్తే బయట చేసేవాళ్లు దొరుకుతారు.

వేరే దేశం పీస్ అంటే పనితీరులో తేడా ఉంటుందా అని అడుగుతారు. ఫొటో నాణ్యతలో ఉండదు. తేడాలన్నీ అంచుల్లో ఉంటాయి.

పేరు దగ్గర మొదలుపెడదాం. కానన్ ఈఓఎస్ 800డీ అమెరికాలో రెబెల్ టీ7ఐ, జపాన్‌లో కిస్ ఎక్స్9ఐ. మూడూ ఒకే కెమెరా. డబ్బా మీద కిస్ అని చూసి నకిలీ అని తిరిగి ఇవ్వబోయినవాళ్లున్నారు. పేరు వేరైతే కంగారు పడక్కర్లేదు, కానీ తిరిగి అమ్మేటప్పుడు కొనేవాడు బేరం ఆడతాడు, అది లెక్కలో వేసుకోండి.

భాష దగ్గర మాత్రం జాగ్రత్త. జపాన్ లోపల అమ్మడానికి చేసిన సోనీ కెమెరాలు చాలావాటిలో మెనూ జపనీస్‌లో మాత్రమే ఉంటుంది, మార్చుకునే వీలుండదు. "అలవాటైపోతుందిలే" అని కొన్నవాళ్లని చూశాను. ఆటోఫోకస్ సెట్టింగుల కోసం పేజీ తర్వాత పేజీ తిప్పుతూ, ప్రతి గీత దగ్గరా ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చదువుకుంటూ ఉంటారు. ఈలోగా ఎదురుగా ఉన్న పిట్ట ఎగిరిపోతుంది. ఆ రకం మేం తెప్పించం. మీరు బయట కొంటుంటే ఒక్కటి చేయండి: డబ్బులిచ్చే ముందు కెమెరా ఆన్ చేయించి భాషల జాబితా కళ్లారా చూడండి.

వీడియో తీసేవాళ్లకి ఇంకో సంగతి. కరెంటు కొన్ని దేశాల్లో 50 హెర్ట్జ్, కొన్నిట్లో 60. 50 ఉన్నచోట చాలా దీపాలు సెకనుకి 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. 60 హెర్ట్జ్ దేశం పీస్ డబ్బాలోంచి తీసి, సెకనుకి 30 ఫ్రేములు, షట్టర్ 1/60తో 50 హెర్ట్జ్ ఉన్నచోట హాల్లో తీస్తే గోడ మీద మసక పట్టీలు పైకీ కిందకీ పాకుతూ కనిపిస్తాయి. కెమెరా పాడైందని తెస్తారు. మెనూలో పాల్ (50 హెర్ట్జ్ దేశాల వీడియో పద్ధతి), ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్ దేశాలది) మార్పిడి ఉంటే పాల్‌కి మార్చి 25 ఫ్రేములు, 1/50 పెట్టండి. పాత మోడళ్లు కొన్నిటిలో ఆ మార్పిడి ఉండదు. అప్పుడు 30 ఫ్రేముల్లోనే షట్టర్ 1/50కి గానీ 1/100కి గానీ తెస్తే చాలావరకు పోతుంది. డిమ్మర్ తగిలించిన చవక ఎల్ఈడీలకి మాత్రం ఈ మందు పనిచేయకపోవచ్చు.

ఒక్కోసారి బయటి పీసే మెరుగు. అరగంట, ఆపైన ఏకధాటిగా రికార్డు చేయగలిగితే యూరప్ దాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేది. అందుకే 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోయేలా చేసేవారు. పానసోనిక్ జీహెచ్4 యూరప్‌లో కొంటే ఈ పరిమితి, అమెరికాలో కొంటే లేదు. సెకండ్‌హ్యాండ్‌లో ఆ తరం కెమెరా కొంటుంటే ఏ దేశం పీసో కనుక్కోవడం మంచిది.

ఫ్లాష్ ట్రిగ్గర్ల దగ్గర, అంటే దూరంగా పెట్టిన ఫ్లాష్‌ని రేడియోతో వెలిగించే పరికరాల దగ్గర, అసలు తప్పటడుగు వేయకండి. రేడియో తరంగాలకి ఒక్కో ప్రాంతంలో ఒక్కో నియమం. పాకెట్‌విజార్డ్ ట్రిగ్గర్లు అమెరికా రకం 344 మెగాహెర్ట్జ్ మీద, యూరప్ రకం 433 మీద నడుస్తాయి. ఒకటి ఇదీ ఒకటి అదీ కొంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. చార్జర్ గురించి మాత్రం బెంగ వద్దు. వెనక 100-240 వోల్టులు అని రాసి ఉంటే పిన్ మార్చుకుంటే సరి.

కొనేటప్పుడు డబ్బా ఎలా విప్పి చూడాలో చెబుతాను. మా దగ్గర కొన్నా సరే, ఇంకెక్కడ కొన్నా సరే ఇది చేయండి. బాడీ అడుగున సీరియల్ నంబర్, డబ్బా మీదిది, బిల్లు మీదిది మూడూ కలవాలి. ఫ్లాష్ తగిలించే పట్టీ మీద, ట్రైపాడ్ స్క్రూ ఎక్కే రంధ్రం చుట్టూ గీతలుంటే అది ఎవరో వాడి తిరిగిచ్చిన పీస్. లెన్స్ మూత పెట్టేసి ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, నల్లటి దాంట్లో మెరిసే చుక్కలు కనిపిస్తే అవి చెడిపోయిన పిక్సెల్స్. తర్వాత ఎఫ్16 (లెన్స్ లోపలి రంధ్రం బాగా చిన్నదయ్యే సెట్టింగు) పెట్టి, ఫోకస్ కావాలనే చెదరగొట్టి, తెల్ల గోడనో ఖాళీ ఆకాశాన్నో తీయండి. బూడిదరంగు మచ్చలు పడితే సెన్సర్ మీద దుమ్ము. కొత్త కెమెరాలో మచ్చలు ఎందుకుంటాయో అమ్మినవాణ్ణి అడగండి.

షట్టర్ కౌంట్, అంటే షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టిందన్న అంకె, కూడా అడుగుతారు. నికాన్ అయితే ఫొటో ఫైల్లోనే ఆ అంకె దాగి ఉంటుంది, కానన్‌లో అంత తేలిగ్గా దొరకదు. నికాన్ డీ850 షట్టర్‌ని 2,00,000 క్లిక్కులకి పరీక్షించామని కంపెనీ చెబుతుంది. అది పరీక్ష అంకె, ఆ అంకె దగ్గర ఆగిపోతుందని కాదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసినవి మెకానికల్ షట్టర్‌ని అరగదీయవు, కాబట్టి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో ఈ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

డబ్బాలో ఏమేం ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. కిట్‌లోంచి (కెమెరా, లెన్స్ కలిపి అమ్మే డబ్బా) లెన్స్ తీసి తెల్ల డబ్బాలో విడిగా అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే, ఆ లెన్స్‌లో దోషమేమీ ఉండదు. అసలు బ్యాటరీ తీసేసి నకిలీ పెట్టడం మాత్రం దగా. నకిలీ బ్యాటరీ ఉబ్బిందంటే లోపలే ఇరుక్కుపోతుంది, బయటికి లాగాలంటే బాడీ విప్పాలి. మెమరీ కార్డులదీ అదే గొడవ. పైన 256 జీబీ అని ఉంటుంది, లోపల అందులో నాలుగో వంతు కూడా ఉండదు. నిండేదాకా తెలియదు, నిండాక పాత ఫైళ్ల మీద కొత్తవి పడతాయి. కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డంతా రాయించి చదివించండి. మా దగ్గర కొన్న కార్డుకైతే మేమే చేసి ఇస్తాం, కాకపోతే పెద్ద కార్డుకి చాలాసేపు పడుతుంది, కూర్చునే ఓపికుండాలి. 4కే వీడియోకి మామూలుగా వీ30 అని రాసి ఉన్న కార్డు చాలు. సెకనుకి 30 మెగాబైట్లకి తగ్గకుండా రాస్తుందని దానర్థం. ఇంకా వేగంగా రాసే వీ90 కావాలని ఎవరైనా అంటగడుతుంటే మీ కెమెరా మాన్యువల్ తెరిచి చూడండి, మేం అంటగట్టినా సరే.

ఇప్పటికే మా దగ్గర ఇంపోర్టెడ్ కెమెరా తీసుకున్నవాళ్లకి ఈ కొత్త షరతులు వర్తించవు, మీ బిల్లు మీద రాసిందే చెల్లుతుంది. బిల్లు పోగొట్టుకున్నవాళ్లు సీరియల్ నంబర్ తెస్తే మా పుస్తకంలో చూసి కాపీ ఇస్తాం. రిపేరుకి తెచ్చేటప్పుడు కెమెరాతోపాటు మీరు వాడే బ్యాటరీ, కార్డు, లెన్స్ కూడా పట్టుకురండి. కార్డులో ఫొటోలుంటే ముందు ఇంట్లోనే కాపీ చేసుకుని రండి, ఇక్కడ మేం దాన్ని ఫార్మాట్ చేసే చూస్తాం.