కొత్త పామును వారం రోజులు కదపకండి

సంపాదకులకు నమస్కారాలు.

చెన్నైలో మన తెలుగువారి ఇళ్లలో కొందరు పిల్లలు బాల్ పైథాన్, కార్న్ స్నేక్ వంటి విదేశీ పాములను ముచ్చటపడి పెంచుతున్నారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కావడంతో, "మాస్టారూ, తెచ్చి వారమైంది, ఇంకా ఏమీ ముట్టడం లేదు" అంటూ నా దగ్గరకు వచ్చేవారున్నారు. ఆరా తీస్తే చాలా ఇళ్లలో జరిగింది ఒకటే. తెచ్చిన సాయంత్రమే పామును చేతికీ చేతికీ మార్చి ఫొటోలు దిగుతారు, మర్నాడే ఎలుకను పెడతారు, తినకపోతే రోజూ పెట్టి చూస్తారు.

బెదిరిన పాము తినదు. కనీసం వారం రోజులపాటు నీళ్లు మార్చడానికీ, శుభ్రం చేయడానికీ తప్ప దాని పెట్టె జోలికి వెళ్లకూడదు. బాల్ పైథాన్ పెట్టెలో ఒక పక్క సుమారు 31 డిగ్రీలు, రెండో పక్క 26 డిగ్రీల వేడి ఉంచి, రెండు పక్కలా అది ఒదిగి కూర్చోగల ఇరుకైన గూళ్లు పెట్టాలి. కత్తిరి ఎండల్లో మనకు వేడి చాలదన్న బెంగ లేదు గానీ, రాత్రంతా ఏసీ నడిచే గదిలో తేమ తగ్గిపోయి కుబుసం ఒక్క తొడుగులా రాకుండా ముక్కలుగా ఊడుతుంది.

ఇక ఆహారం. ఎలుక లావు పాము నడుము లావును మించకూడదు. పిల్లపాముకు వారానికొకటి, ఎదిగిన బాల్ పైథాన్‌కు రెండు వారాలకొకటి సరిపోతుంది. బతికున్న ఎలుక తిరగబడి పామును కొరికే ప్రమాదం ఉంది కాబట్టి, ఫ్రీజర్‌లో ఉంచినదాన్నే పూర్తిగా కరగనిచ్చి, కవరుతో సహా వేడినీళ్లలో ఉంచి వెచ్చబరిచి, పొడవాటి పట్టకారుతో అందించాలి. బాల్ పైథాన్ పెదవి అంచున వేడిని పసిగట్టే చిన్న గుంటలు ఉంటాయి. చల్లటి ఎలుకను అది చాలాసార్లు పట్టించుకోదు. (కూరగాయల ఫ్రిజ్‌లోనే ఎలుకలు దాచే ఇళ్లలో రేగే గొడవలు వేరే కథ, చిన్న ఫ్రీజర్ విడిగా కొనుక్కోవడమే క్షేమం.) నాగుల చవితికి పుట్టలో పాలు పోసే పెద్దవాళ్లు ఇక్కడా పాలగిన్నె పెట్టబోతే మర్యాదగా వారించాలి. పాముకు మంచినీళ్లు చాలు.

వరుసగా రెండు మూడుసార్లు ఆహారం తీసుకున్నాకే చేతిలోకి తీసుకోవడం మొదలుపెట్టాలి. తిన్న తర్వాత 48 గంటల లోపు ముట్టుకుంటే మింగింది కక్కేయవచ్చు. అలా కక్కితే రెండు వారాలు ఆగి, ఈసారి ఇంకా చిన్న ఎలుకను పెట్టాలి. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడిచే సమయం దగ్గర పడిందని అర్థం, అప్పుడూ కదపకూడదు. ఎత్తేటప్పుడు పైనుంచి చెయ్యి దించకుండా, పక్కనుంచి వెళ్లి ఒంటి కింద రెండు చేతులూ ఆనించి, మొదట్లో ఐదు పది నిమిషాలతో సరిపెట్టాలి. ఎలుక వాసన అంటిన చేతిని ఆహారమనుకుని కాటేస్తుంది గనుక ముందు చేతులు కడుక్కోవాలి. పాముల ఒంటి నుంచి మనకు అంటి విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంది కాబట్టి తర్వాతా కడుక్కోవాలి.

కొనేముందు చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జెర్రిపోతు సహా మన దేశపు పాములను ఇంట్లో పెంచుకోవడం నేరం. వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ జాబితాలో ఉన్న బాల్ పైథాన్ వంటివాటిని 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఆ కాగితాలతోపాటు పాము చివరిసారి ఎప్పుడు, ఏం తిన్నదో, దాని బరువెంతో అమ్మేవారి చేత రాయించి తీసుకోవాలని, అది రాసివ్వనివారి దగ్గర కొనవద్దని మీ పత్రిక ద్వారా పాఠకులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, పెరంబూర్, చెన్నై