వుడార్డ్ పాయింట్లు ఎటు పోయాయి, బేకర్ గారూ?

అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ అధ్యక్షులు శ్రీ చార్లీ బేకర్ గారికి,

నమస్కారాలు.

ఈ ఏడాది, 2024, మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌కి పండగే అయింది. ఏప్రిల్ 7న సౌత్ కరోలినా, అయోవా ఫైనల్‌ని సుమారు 1.89 కోట్ల మంది చూశారు. మగపిల్లల ఫైనల్‌కి 1.48 కోట్లే. మీరు సంతోషించే ఉంటారు, మేమూ సంతోషించాం. ఇక్కడ కాన్సాస్‌లో మా తెలుగువాళ్లు నలుగురు కలిస్తే చాలు, అందరిలోకీ గొప్ప ప్లేయర్ ఎవరన్న గొడవే. పిల్లలంతా అయోవా ప్లేయర్ కెయిట్లిన్ క్లార్క్ పార్టీ. నాలుగేళ్లలో నాలుగు టైటిళ్లు, నాలుగుసార్లూ ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల పోటీ) ఉత్తమ క్రీడాకారిణి, బ్రియానా స్టూవర్ట్ తర్వాతే ఎవరైనా అని నేను. 80ల్లో ఈ దేశానికి వచ్చిన పెద్దవాళ్లు షెరిల్ మిల్లర్ పేరెత్తారంటే ఇంకెవర్నీ నోరెత్తనివ్వరు. ఈ వాదన తేలేది కాదు, తేలక్కర్లేదు కూడా. కానీ మీ రికార్డు పుస్తకం తెరిస్తే లినెట్ వుడార్డ్ లాంటి కొంతమంది అసలు ఆడనే లేదన్నట్టుంది. నా బాధ అదీ.

ఫిబ్రవరి 15న మిషిగన్ మీద క్లార్క్ మొదటి రెండు మూడు నిమిషాల్లోనే ఎనిమిది పాయింట్లు కొట్టి, కెల్సీ ప్లమ్ కాలేజీ కెరీర్ మొత్తం మీద కొట్టిన 3,527 పాయింట్లు దాటేసింది. కోర్టు మధ్య లోగో దగ్గర్నుంచి విసిరిన ఆ షాట్‌ని మేమూ పదిసార్లు వేసుకుని చూశాం. ఆల్‌టైమ్ రికార్డు అన్నారు. మరి 1977 నుంచి 1981 దాకా మా కాన్సాస్ యూనివర్సిటీకి ఆడిన లినెట్ వుడార్డ్ 3,649 ఏమయ్యాయండీ? ప్లమ్ కంటే 122 ఎక్కువ. ఫిబ్రవరి 28న మినెసోటాలో క్లార్క్ ఆ 3,649ని దాటింది. మీ పుస్తకం లెక్కలో ఆ రాత్రి ఏమీ జరగలేదు. నాలుగు రోజులకి మగవాళ్ల రికార్డు, పీట్ మారవిచ్ 3,667 దాటితే మాత్రం చరిత్ర! మారవిచ్ ఆట ముగిసింది 1970లో. 1970 నాటి మగాడి పాయింట్లు మీ దగ్గర భద్రంగా ఉన్నాయి, 1981 నాటి ఆడపిల్లవి లేవు.

కారణం మీకు తెలుసు. వుడార్డ్ ఆడింది అప్పట్లో ఆడవాళ్ల కాలేజీ ఆటలు నడిపిన ఏఐఏడబ్ల్యూ అనే సంస్థ కింద, మీ కింద కాదు. అయ్యా, మీ కింద ఎలా ఆడుతుంది? 1981-82 దాకా మీరు ఆడవాళ్లకి ఛాంపియన్‌షిప్పే పెట్టలేదు. పెట్టకపోగా 1976లో టైటిల్ నైన్ (చదువుల్లో, కాలేజీ ఆటల్లో ఆడామగా తేడా చూపొద్దన్న చట్టం) నిబంధనల మీద కోర్టుకెక్కింది మీ సంస్థే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత మా అమ్మమ్మ మిమ్మల్ని చూసే అని ఉంటుంది. తీరా ఆట మీద డబ్బు కనపడగానే మీరు దిగారు, ఏడాది తిరిగేసరికి ఏఐఏడబ్ల్యూ మూతపడింది. సంస్థని మింగినవారు దాని లెక్కలు మాత్రం మావి కావంటే ఎలా?

పోనీ ఇది మీ నియమం అనుకుందాం. అయితే పాట్ సమిట్ 1,098 విజయాల మాటేమిటి? ఆవిడ టెనెసీలో కోచింగ్ మొదలుపెట్టింది 1974లో. తారా వాన్‌డెర్‌వీర్ 1978లో ఐడహోలో. మొన్న జనవరిలో తారా 1,203వ విజయంతో మగవాళ్ల జట్టు కోచ్ మైక్ షిషెవ్‌స్కీని దాటితే దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ పాతరోజుల విజయాలన్నీ అందులో ఉన్నాయి. ఉండాలి కూడా. కానీ ఆ మ్యాచుల్లో బుట్టలో బంతి వేసింది ఎవరు సార్, కోచ్‌లా? గెలుపు లెక్కకొచ్చి, గెలిపించిన పాయింట్లు రాకుండా పోవడం మీ ఒక్కరికే సాధ్యమైన గణితం.

ఇంకో సంగతి. వుడార్డ్ ఆడింది మగవాళ్ల సైజు బంతితో. ఆడవాళ్లకి చిన్న బంతి వచ్చింది 1984-85లో, మూడు పాయింట్ల గీత 1987-88లో. అంటే ఆ 3,649 మొత్తం రెండేసి, ఒకటేసి కూడబెట్టినవి. క్లార్క్ 3,951లో 548 త్రీలు, అంటే 1,644 పాయింట్లు గీత అవతల నుంచే. క్లార్క్‌ని తక్కువ చేయడానికి అనడం లేదు, ఆ పిల్ల కోచ్ లీసా బ్లూడరే వుడార్డ్‌ది అసలైన రికార్డని చెప్పింది. ఈ నెలలో వుడార్డ్ గారు తన రికార్డు ఇన్నాళ్లూ దాచేశారని బాధపడితే జనం ఆవిడ మీదే పడ్డారు. క్లార్క్‌ని మెచ్చుకుంటూ ఆవిడే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. తప్పు మీ పుస్తకానిది, సంజాయిషీ ఆవిడది.

వుడార్డ్ ఒక్కరే కాదు. ఏఐఏడబ్ల్యూ రోజుల్లోనే ఆడిన పెర్ల్ మూర్ కాలేజీల్లో మొత్తం 4,061 పాయింట్లు కొట్టింది. డెల్టా స్టేట్‌కి వరసగా మూడు టైటిళ్లు తెచ్చిన లూసియా హారిస్ 1976 మాంట్రియల్‌లో ఒలింపిక్స్ మహిళల బాస్కెట్‌బాల్‌కే తొలి బుట్ట వేసింది. ఆవిడ 2022లో పోయారు. మా పిల్లలకి ఈ పేర్లు తెలియవు, ఎందుకు తెలుస్తాయి?

మీరు కూడా హార్వర్డ్‌లో బాస్కెట్‌బాల్ ఆడారని విన్నాను. ఆటగాడికి తన పాయింట్లంటే ఎంత తీపో నేను చెప్పాలా? 1981కి ముందువాళ్ల పేర్లు పుస్తకంలో చేర్చండి. అదే వరసలో వేయలేకపోతే చుక్క గుర్తు పెట్టి అడుగున చిన్న అక్షరాల్లోనైనా వేయండి. అదీ కుదరదంటే ఎందుకు కుదరదో ఒక కాగితం మీద రాసి అందరికీ చెప్పండి. కానీ చేర్చండి సార్. పాత రికార్డులు ఎక్కడ దొరుకుతాయని అనకండి. కోచ్‌ల గెలుపులు కూడినప్పుడు తీసిన అలమరాలోనే స్కోరు కాగితాలూ ఉంటాయి.

ఇట్లు,
లారెన్స్, కాన్సాస్ నుంచి ఒక తెలుగు అభిమాని
ఏప్రిల్ 2024