పేర్లు తీసేస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

జబ్బులు, ఆదాయాలు, అలవాట్ల వివరాలు విడుదల చేసేటప్పుడు ‘పేర్లు తొలగించాం, భయం లేదు’ అనడం పరిపాటైంది. ఆ భరోసా చెల్లదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1990ల్లో పేర్లు తీసేసి ఇచ్చిన ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డుల్లోంచి అప్పటి గవర్నర్ విలియం వెల్డ్ వివరాలను లతాన్యా స్వీనీ అనే పరిశోధక విద్యార్థిని పట్టేసింది. పుట్టినతేదీ, లింగం, జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది)లను ఓటర్ల జాబితాతో పోల్చి చూసింది, అంతే.

అలాగని లెక్కలు మానుకోలేం. జబ్బు ఎందరికుందో తెలియకుండా వైద్యం ఎలా అందిస్తాం? 1965లోనే స్టాన్లీ వార్నర్ అనే పరిశోధకుడు ఒక దారి చూపారు. ఆ పద్ధతికి ఒక రూపం ఇది: జవాబిచ్చే మనిషి ఎవరికీ కనపడకుండా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే నిజం చెబుతాడు. బొరుసైతే మళ్లీ ఎగరేసి, బొమ్మకు ‘అవును’, బొరుసుకు ‘కాదు’ అంటాడు. ఇక ఏ ఒక్కరి ‘అవును’నూ పట్టుకుని నిలదీయలేం. కానీ నాణెం చెప్పించిన ‘అవును’లు నూటికి సుమారు 25 ఉంటాయి, నిజం చెప్పేది సగంమందే; కాబట్టి మొత్తం ‘అవును’ల శాతంలోంచి 25 తీసేసి రెట్టింపు చేస్తే అసలు శాతం దాదాపుగా తేలిపోతుంది. 2006లో కంప్యూటర్ శాస్త్రవేత్త సింథియా డ్వర్క్ బృందం ‘డిఫరెన్షియల్ ప్రైవసీ’తో ఇలాంటి రక్షణకు, అంటే ఒక్కరి వివరాలు ఉన్నా లేకున్నా ఫలితం ఎంత మారుతుందన్నదానికి, ఒక కొలతే తెచ్చింది.

అంచనా కొంత మసకబారుతుంది, తక్కువమందిని అడిగినచోట మరీను. అది భరించదగ్గ నష్టమే. జవాబులను ఏ పద్ధతిలో కాపాడతారో సర్వే ఫారం మీదే రాయాలి. గణాంకాలు అచ్చేసేముందు మీ పత్రిక కూడా ఆ ప్రశ్న అడగాలని నా విన్నపం.

– ఒక పాఠకురాలు