బొమ్మ కింద కొలత కూడా వేయండి

సంపాదకులు గారికి,

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో చిత్రకారిణి ఫహ్రెల్‌నిసా జైద్ గురించి వ్యాసం చూసి ఎంతో సంతోషించాను. మన పత్రికల్లో టర్కీ చిత్రకళ ఊసే అరుదు. అయితే అందులో రెండు సంగతులు సరిచేయాలి. ఆమెను ‘టర్కీ రాజకుమారి’ అనడం ఒకటి. బొమ్మను అచ్చువేసిన తీరు రెండోది. నా దృష్టిలో రెండోదే పెద్దది.

హైదరాబాదు వాళ్లకు టర్కీ రాజకుమారి అనగానే దుర్రుషెహ్వార్, నీలోఫర్ గుర్తుకొస్తారు. వాళ్లు టర్కీని ఏలిన ఒట్టోమన్ వంశపు ఆడపడుచులు. 1924లో ఖలీఫా పదవిని రద్దు చేసి ఆ వంశాన్ని దేశం నుంచి పంపేశారు. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో వాళ్లకు నిజాం కొడుకులతో పెళ్లిళ్లు జరిగాయి. ఫహ్రెల్‌నిసాది రాజవంశం కాదు, సుల్తాను కొలువులో పెద్ద పదవులు చేసిన కుటుంబం. 1934లో ఇరాక్ రాజకుటుంబానికి చెందిన జైద్ బిన్ హుస్సేన్‌ను పెళ్లాడాకే రాజకుమారి అన్న బిరుదు వచ్చింది. అప్పటికే ఆమెకు ముప్పై దాటాయి. 1919 నుంచే ఇస్తాంబుల్ మహిళల చిత్రకళా పాఠశాలలో, 1928లో పారిస్‌లోని రాన్సన్ అకాడమీలో చిత్రకారుడు రోజే బిసియేర్ దగ్గర చదువుకుంది. బొమ్మలు ముందు, బిరుదు తరవాత. ‘రాజకుమారి సరదా’ అన్నట్టు సాగిన మీ వ్యాసంలోని వాక్యాలు అందుకే నొప్పించాయి.

ఇక బొమ్మ సంగతి. మీరు వేసిన ‘నా నరకం’ 1951 నాటి తైలవర్ణ చిత్రం. ఎత్తు 205, వెడల్పు 528 సెంటీమీటర్లు. ఇప్పుడు ఇస్తాంబుల్ మోడర్న్ మ్యూజియంలో ఉంది. ఎదుట నిలబడితే నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు ముక్కలు చూపును ఎక్కడా ఆగనివ్వవు. ఒక చివర చూస్తుంటే రెండో చివర కంటికి ఆనదు. దాన్ని మీరు రెండు కాలమ్‌లలో, సుమారు ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున వేశారు. అంటే సుమారు 66 రెట్లు కుదించారు. కాన్వాసు మీద ఒక సెంటీమీటరున్న ముక్క కాగితం మీద 0.15 మిల్లీమీటర్లు అవుతుంది. పత్రికలో బొమ్మ అచ్చయ్యేది సన్నని చుక్కల వరుసలుగా. న్యూస్‌ప్రింట్ మీద అంగుళానికి నూరు వరుసల చొప్పున అచ్చేస్తే రెండు చుక్కల మధ్య దూరమే 0.25 మిల్లీమీటర్లు. ఆ ముక్క ఒక చుక్కలో కలిసిపోతుంది. పైగా ఆ కాగితం సిరాను పీల్చుకుని చుక్కల్ని ఉబ్బిస్తుంది. నల్ల గీతలు పక్క రంగుల్ని మింగేస్తాయి. మీ పాఠకుడు చూసింది చీర అంచు డిజైన్ లాంటిది, అంతే. దానికి తోడు కాలమ్‌లో ఇమడ్చడానికి రెండు పక్కలా అంచులు కోశారు. మధ్యలో ప్రధాన రూపమంటూ లేని బొమ్మ అది. దాన్ని ఎక్కడ కోసినా బొమ్మే పోతుంది.

అదే బొమ్మను పేజీ అడ్డంగా, 33 సెంటీమీటర్ల వెడల్పున వేస్తే కుదింపు పదహారు రెట్లకు దిగుతుంది. సెంటీమీటరు ముక్కకు రెండు చుక్కలైనా దక్కుతాయి. ఎత్తు పదమూడు సెంటీమీటర్లకు మించదు కనుక స్థలమూ పెద్దగా పోదు. పక్కన ఎనిమిది సెంటీమీటర్ల తునక ఒకటి అసలు పరిమాణంలో వేయగలిగితే మరీ మంచిది. కానీ దాన్ని ఇంటర్నెట్‌లో దొరికిన ఫైలు నుంచి కత్తిరించొద్దు. రెండు వేల పిక్సెళ్ల వెడల్పున్న ఫైల్లో ఎనిమిది సెంటీమీటర్లకు వచ్చేవి ముప్పై పిక్సెళ్లే. అచ్చుకు కనీసం ఐదు వందలు కావాలి. ఆ భాగాన్ని దగ్గర నుంచి తీసిన ఫొటో కావాలని మ్యూజియాన్ని విడిగా అడగాలి.

ఇవేవీ కుదరకపోయినా, బొమ్మ కింద ఒక్క వరుస వేయొచ్చు: పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు, ఉన్నచోటు. ఎత్తు ముందు, వెడల్పు తరవాత రాయాలి. మ్యూజియాల వరస అదే, తిరగేస్తే అడ్డం బొమ్మ నిలువుదనుకుంటారు. 2013లో దుబాయ్ వేలంలో ఆమె చిత్రం 27 లక్షల డాలర్లకు పోయిందని మీరు శీర్షికలోనే వేశారు. ధరకు చోటు దొరికినప్పుడు కొలతకు దొరకదా?

ఈమె విషయంలో కొలతలోనే జీవితం కనబడుతుంది. 1958 జులై 14న బాగ్దాద్‌లో సైన్యం తిరగబడి రాజకుటుంబాన్ని చంపేసింది. ఆ వేసవి బాగ్దాద్‌కు బదులు ఇటలీలోని ఇస్కియా దీవికి సెలవులకు వెళ్లడంతో ఈ దంపతులు బతికారు. జైద్ అప్పుడు లండన్‌లో ఇరాక్ రాయబారి. ఒక్క రోజులో రాయబార కార్యాలయం ఖాళీ చేయాల్సొచ్చింది. యాభై ఏడేళ్ల వయసులో ఆమె మొదటిసారి వంట చేసింది. వండగా మిగిలిన కోడి ఎముకలను దాచి వాటికే రంగులు వేసింది. తరవాత వాటిని పారదర్శకమైన రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) దిమ్మల్లో పోతపోసింది. ఐదు మీటర్ల కాన్వాసు నుంచి గుప్పెట్లో పట్టే ఎముక దాకా! ఆ రెండు బొమ్మలూ ఒకే సైజులో పక్కపక్కన అచ్చయితే ఆ తేడా పాఠకుడికి ఎలా తెలుస్తుంది? 1975లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు వెళ్లాక ఆడవాళ్లకు చిత్రలేఖనం నేర్పుతూ, పెద్దపెద్ద కళ్లున్న మనుషుల చిత్రాలు వేస్తూ 1991లో కన్నుమూసింది. ఆ దశ గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు.

వీలుంటే వచ్చే అనుబంధంలో ‘నా నరకం’ను అంచులు కోయకుండా, పేజీ అడ్డంగా, కొలతలతో మరోసారి వేయండి.

ఇట్లు,
చిత్రకళ బోధించే ఒక పాఠకుడు,
విజయవాడ