మా వృత్తి చేసిన హాని మా పాఠాల్లో ఉండాలి: కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాదులో ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేసే బిహేవియర్ థెరపిస్టును. మెచ్చిన ప్రవర్తనకు బహుమతులిస్తూ పిల్లలకు కొత్త నైపుణ్యాలు నేర్పే ‘అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్’ (ఏబీఏ) మా పద్ధతి. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టం బిహేవియర్ అనలిస్టులను కూడా తన పరిధిలోకి తెచ్చింది కనుక, మాకేం నేర్పాలో తేల్చే జాతీయ కమిషన్ ముందు మీ ద్వారా ఒక విన్నపం ఉంచుతున్నాను.

ఈ పద్ధతిని ఆటిజం చికిత్సగా ప్రచారంలోకి తెచ్చిన మనస్తత్వవేత్త ఈవార్ లోవాస్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 40 గంటల చికిత్స పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు బడిలో కుదురుకున్నారన్న అంకె మా రంగంలో చాలామందికి కంఠతా వచ్చు. పిల్లలను గద్దించడం, తొడ మీద చరచడం కూడా ఆ చికిత్సలో భాగమేనన్న సంగతి మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. అంతకుముందు, 1960లలో, ఆయన ఆటిజం ఉన్న పిల్లలకు విద్యుత్ షాకులిచ్చాడు. 1974లో సహపరిశోధకుడు జార్జ్ రెకర్స్‌తో కలిసి ప్రచురించిన పత్రంలో, ఆడపిల్లల బొమ్మలతో ఆడుకునే ఒక చిన్న బాబును ‘సరిచేయడానికి’, వాడు అలా ఆడినప్పుడల్లా ముఖం తిప్పుకోమని తల్లికి తర్ఫీదునిచ్చారు. ఇంట్లో అలా ప్రవర్తించినందుకు ఇచ్చే ఎర్ర బిళ్లలు పోగైతే తండ్రి చేత కొట్టించారు. మసాచుసెట్స్‌లోని వైకల్యాలున్నవారి ఆవాస పాఠశాల అయిన జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్‌లో వాడే షాకు పరికరాన్ని అమెరికా ఆహార, ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో నిషేధిస్తే, మరుసటి ఏడాది కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మా బిహేవియర్ అనలిస్టుల అంతర్జాతీయ సంఘం అలాంటి షాకులను అధికారికంగా వ్యతిరేకించింది 2022లో, అంత ఆలస్యంగా.

ఏబీఏ పద్ధతిని వదిలేయమని నేను అనడం లేదు. దాహమేస్తే నీళ్లడగడం దీనితోనే నేర్చుకున్న పిల్లలున్నారు. కానీ సంతోషం పట్టలేక చేతులు ఆడించే నాలుగేళ్ల పిల్లవాడి చేతులను బల్లకు అదిమిపట్టి, కదలకుండా కూర్చుంటేనే బిస్కెట్ ముక్క ఇస్తున్నామంటే, పిల్లవాడు అందరిలా కనిపించడమే గెలుపన్న ఆనాటి నమ్మకం మమ్మల్ని ఇంకా విడిచిపెట్టలేదనే అర్థం. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని థెరపిస్టుకు తన చేతుల్లోని బలవంతం చికిత్సలాగే కనిపిస్తుంది.

కాబట్టి ఈ చరిత్రను అసలు పత్రాలతో సహా చదివించే తప్పనిసరి పాఠాన్ని పాఠ్యప్రణాళికలో చేర్పించండి. దాన్ని రూపొందించే సంఘంలో ఆటిజం ఉన్న పెద్దలకు చోటు కల్పించండి. శారీరక దండనను, ప్రమాదం లేకపోయినా పిల్లలను బలవంతంగా పట్టి ఉంచడాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా నిబంధనల్లో స్పష్టంగా రాయించండి. తల్లిదండ్రులు తెలుగులోనే ఫిర్యాదు చేసుకునే వీలును రెండు రాష్ట్రాల కౌన్సిళ్లలోనూ కల్పించమని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక బిహేవియర్ థెరపిస్టు, హైదరాబాదు