ఆ చెట్లకు కూకటివేరు ఉంటే కదా!

సంపాదకులు గారికి,

తుపాను వచ్చిన ప్రతిసారీ పేపర్లో ‘కూకటివేళ్లతో సహా కూలిన చెట్లు’ అని వస్తుంది. తప్పు పట్టడం కాదు గానీ, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాటిన మర్నాడు భీమిలి వైపు ఒడ్డున పల్లంలో నేను చూసిన సరుగుడు చెట్లకు అసలు కూకటివేరే లేదు. పడిన చెట్టు మొదట్లో వేళ్లూ ఇసుకా కలిసి పెద్ద అట్టులా నిలువుగా లేచి ఉంది. దాని అడుగు భాగం కత్తితో కోసినట్టు చదును, మందం నా మోకాలి ఎత్తు కూడా లేదు. గోతిలో నీళ్లున్నాయి. వాన నీళ్లే అనుకుని కాస్త తోడి చూస్తే మళ్లీ ఊరాయి. పక్కనే ఇసుక దిబ్బ మీదున్న చెట్లు మాత్రం సగానికి విరిగాయి గానీ వేళ్లు కదల్లేదు.

వేరుకీ గాలి ఆడాలి. ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే మట్టిలోకి అది దిగదు, పక్కలకు పాకుతుంది. పైన చెట్టేమో ముప్ఫై నలభై అడుగులు ఎదుగుతుంది, గాలికి ఊగినప్పుడల్లా ఆ బరువంతా ఈ పల్చటి అట్టు మీదే.

జపాన్ వాళ్లకు ఇది 2011 మార్చి 11 సునామీలో తెలిసొచ్చింది. రికుజెన్‌తకాతా అనే ఊళ్లో ఒడ్డునున్న దాదాపు 70 వేల పైన్ చెట్లలో ఒక్కటే నిలబడింది, అదీ వేళ్లకు ఉప్పునీరు పట్టి తర్వాత చచ్చిపోయింది. సెందాయ్ వైపు భూగర్భజలం పైపైనే ఉన్న పల్లపు నేలల్లో పైన్ చెట్లు వేళ్లతో లేచిపోయి, అలల్లో దుంగల్లా కొట్టుకెళ్లి ఇళ్లను గుద్దాయి. అందుకే మళ్లీ నాటేటప్పుడు నీటి మట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తు ఉండేలా ముందు మట్టి పోసి గట్లు కట్టారు. కొన్నిచోట్ల యంత్రాలతో మరీ గట్టిగా తొక్కించేసి, వాన నీరు ఇంకక మళ్లీ తిప్పలు పడ్డారనుకోండి.

మరి మనం? మొన్న ఉదయం నడకకు వెళ్తే బీచ్ రోడ్డు పక్కన పల్లంలో మొక్కలు నాటుతున్నారు. నల్ల కవరు విప్పితే వేళ్లు సంచిలోనే గుండ్రంగా చుట్టుకుపోయి ఉన్నాయి, వాటిని విడదీయకుండానే గోతిలో పెట్టేశారు. జానెడు దూరంలో సిమెంటు. కింద నీళ్లెంత లోతులో ఉన్నాయో చూశారా అని అడిగితే, “గొయ్యి అడుగున్నర తియ్యమన్నారు బాబూ, నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు” అన్నాడు పనిచేసే అతను. అతని తప్పేముంది!

పెద్ద ఖర్చేం కాదు. వానాకాలంలో అక్కడక్కడా నిలువెత్తు గొయ్యి తీసి ఓ రోజు వదిలేస్తే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో కనిపిస్తుంది. పైనే కనిపిస్తే గట్టు పొయ్యండి, లేదా అక్కడ ఎత్తు పెరిగే చెట్టు పెట్టకండి. మీ పత్రిక కూడా ఎన్ని వేల మొక్కలు నాటారో వేసినప్పుడు, అక్కడ నీళ్లు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయో అధికారులను అడిగి అదీ వెయ్యండి.

– ఓ పాఠకుడు, విశాఖపట్నం