వార్షిక నివేదిక 2025–26: మొగ పూడికతీత, పడవల భద్రత

మత్స్యకారుల సంఘం సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

ఈ ఏడాది కమిటీ సమయమంతా దాదాపు రాయదొరువు మొగకే, అంటే పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారానికే పోయింది. అందుకే నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

కొత్తగా చేరిన కుర్రాళ్ల కోసం మొగ ఎందుకు పూడుతుందో ముందు చెప్పాలి. నైరుతి గాలుల కాలంలో అలలు ఒడ్డు వెంబడి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య గాలులప్పుడు దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు దండిగా పడి స్వర్ణముఖి, కాళంగి నిండుగా పారితే ఆ ఉరవడే మొగను కోసి తెరుస్తుంది. సంక్రాంతి దాటితే ఏటి నీరు తగ్గిపోతుంది. మన తీరంలో ఆటుపోట్ల తేడా మీటరుకు అటూ ఇటూ కాబట్టి ఇసుకను బయటికి నెట్టే బలం పులికాట్ నీటికి ఉండదు. ఎండాకాలం వచ్చేసరికి మేట పడిపోతుంది. అప్పుడు పడవకే కాదు, సముద్రం నుంచి సరస్సులోకి రావలసిన రొయ్య పిల్లకూ దారి ఉండదు. లోపల ఉప్పు పెరిగి చేప తగ్గుతుంది.

పూర్తిగా మూసుకున్న మొగ కన్నా సగం పూడిన మొగతోనే ప్రాణభయం. లోతు లేని చోట అల విరుగుతుంది. అదే సమయంలో ఇంజిన్ ఫ్యాను ఇసుకలో దిగిందంటే పడవ ఆగిపోయి అలకు అడ్డం తిరుగుతుంది. తర్వాతి అలకే బోల్తా. పాటు నీరు జోరుగా బయటికి లాగుతూ, ఎదురుగా సముద్రపు అల వస్తున్నప్పుడు ఇంకా ప్రమాదం, అల నిలువుగా లేస్తుంది. పోటు ఎక్కుతున్నప్పుడే మొగ దాటాలని కమిటీ పదే పదే చెప్పేది ఇందుకే. మార్కెట్టుకు ఆలస్యమవుతుందన్న టెన్షన్‌లో ఎవరూ ఈ మాట దాటవద్దు.

చందాలు వేసుకుని పొక్లెయిన్ తెచ్చి మనమే మేట కోసుకుందామని సర్వసభ్య సమావేశంలో కొందరు అన్నారు. వారి ఆవేదన అర్థం కానిది కాదు. అయినా కమిటీ ఒప్పుకోలేదు. పులికాట్ 1976 నుంచి పక్షుల అభయారణ్యం, అనుమతి లేకుండా యంత్రం దింపితే కేసులు మన పిల్లల మీద పడతాయి. పైగా ఉత్త కాలువ తవ్వి వదిలేస్తే అలలు దాన్ని మళ్లీ పూడ్చేస్తాయి, పెట్టిన డబ్బు ఇసుకపాలే.

ఈ పూడికతీతకు 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది. పని ఎలా జరగాలన్నదాని మీద ఒక అర్జీ రాసి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి వచ్చాం. 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చాక మనకు కలెక్టరేట్ నెల్లూరు కన్నా దూరమైంది. అయినా ఆడవాళ్లు సహా వాహనం నిండా వచ్చారు, వారికి కృతజ్ఞతలు. అర్జీలో మనం గట్టిగా అడిగింది మొగకు రెండు వైపులా రాతి గోడలు. దక్షిణాన పళవేర్కాడు మొగ దగ్గర తమిళనాడు ప్రభుత్వం అలాంటివే కట్టింది. తవ్వితీసిన ఇసుకను దక్షిణపు ఒడ్డున పోస్తే అలలు తిరిగి మొగలోకే తెస్తాయి కాబట్టి ఉత్తరపు ఒడ్డునే పోయాలని, ఒడ్డు కోత కూడా అక్కడే ఉంటుందని వివరించాం. తవ్వకం పడవల దారి వరకే ఉండాలని కూడా రాశాం. రాజహంసలు మేసేది పలచటి నీటి బురదలోనే, దాన్ని లోతు చేస్తే అవి రావు. పక్షులు వెళ్లిపోయాక, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో పని పెట్టుకుంటే పడవలకూ అడ్డం ఉండదు. అయితే సరిగ్గా నైరుతి గాలి మొదలయ్యేదీ అప్పుడే. గోడలు ముందు లేకపోతే తవ్వింది నిలవదు. ఏటా నిర్వహణకు విడిగా నిధి కేటాయించాలని కూడా కోరాం.

అంతవరకు మన చేతిలో ఉన్న పని గెడలు పాతడం. వెదురు గెడకు అడుగుకో పట్టీ చొప్పున ఎరుపు, తెలుపు రంగులు వేసి, కొసన ఎర్ర గుడ్డ కట్టాం. అణియంలో (పడవ ముందు కొసలో) ఒకరు నిలబడి నీళ్లలో గెడ పొడుస్తూ లోతు చెబుతుంటే, వెనుక పడవలో వాళ్లు లోతైన దారికి రెండు వైపులా గెడలు నాటుకుంటూ వచ్చారు. ప్రతి అమావాస్య, పౌర్ణమి తర్వాత దారి మారిందేమో చూసి గెడలు మార్చాలి. ఈ పనికి డబ్బు తీసుకోకుండా వచ్చిన పెద్దల అనుభవం లేకపోతే ఇది అయ్యేది కాదు. దయచేసి ఎవరూ వలలు గెడలకు కట్టవద్దు.

లైఫ్ జాకెట్ వేసుకోని పడవను గెడల దారి దాటనివ్వకూడదని తీర్మానం చేశాం. నిషేధ కాలపు భృతి 20,000 రూపాయలకు పెరిగాక దరఖాస్తులు నింపడంలో సభ్యులకు సాయం చేశాం. లెక్కల పుస్తకం సంఘం గదిలో ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

వచ్చే సమావేశంలో గెడల నిర్వహణకు ప్రతి పడవ నుంచి నెలకు ఎంత చందా వసూలు చేయాలో తేల్చాలి. మొగ దగ్గర వంతులవారీ కాపలాకు పేర్లు కూడా అప్పుడే రాసుకుంటాం.